రెక్కల్లేని కిటికీ

తమ్ముడి కొత్త ఇంటి గేటుకు బంగారు రంగు వేస్తుంటే శ్రీరంగప్పకు అన్నం సహించలేదు.

పామిడిలో ఆ వీధి మొత్తానికి అంత ఎత్తు ఇల్లు ఇంకొకటి లేదు. ముందు గోడకు నల్లరాయి. మిద్దె మీద గాజు పిట్టగోడ. పైగా దిష్టిబొమ్మను సరిగ్గా శ్రీరంగప్ప వాకిలికి ఎదురుగా కట్టారు.

"అచ్చం నీ మొగం మాదిరే ఉండాది" అంది పెళ్లాం బయమ్మ.

అతనికి మిగిలిన తృప్తి ఒక్కటే. నాయన పోయాక స్థలం పంచుకోలేదు. పడమటి సగం నాదని రాసియ్యన్నా అంటూ తమ్ముడు కేశవ ఎన్నిసార్లు తిరిగినా, "చూద్దాంలేప్పా" అని తప్పించుకున్నాడు. వాడు ఎంత మిద్దె కట్టినా కింది నేలలో తనకూ వాటా ఉంది.

అయినా మంట చల్లారలేదు.

ఒకరోజు పొద్దున మధ్యగోడ అవతల మరదలు సుజాత ఫోన్లో మాట్లాడటం వినిపించింది.

"వంటింటి కిటికీకి రెక్కలు ఎందుకు పెట్టలేదంటావా అక్కా? పెడితే ఇల్లు పూర్తయినట్టంట, పన్నేస్తారంట. ఎవురన్నా పోయి చెప్పినారంటే మేము మునిగినట్టే!"

శ్రీరంగప్పకు కడుపులో పాలు పోసినట్టయింది. చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ సచివాలయానికి పోయాడు.

ఇంటి పన్నులు చూసే ఉదయ్ కుమార్ తలెత్తాడు. "ఇంకా కిటికీ పని ఉండాదంట గదన్నా. పూర్తయినాక చూస్తాంలే."

"కిటికీ లేకుంటే ఏమప్పా? పాలు పొంగించినారు. దినామూ పొయ్యి మండుతాండాది. తాలింపు ఘాటు మా ఇంట్లోకి కొడతాండాది! అది కాపురం గాకుంటే ఇంకేంది?"

"కాపురముంటే పన్ను పడాల్సిందే. కానీ మీది ఉమ్మడి స్థలం. పెద్దోనివి నువ్వు. నీ పేరు మీద వేసేదా?"

శ్రీరంగప్ప ఉలిక్కిపడ్డాడు. వాడు గాజు మిద్దెలో కూర్చుంటే పన్ను తను కట్టాలా?

"నా పేరెందుకప్పా? నాకూ దానికీ ఏం సంబంధం? ఇల్లు వానిది, కింద జాగా వానిది. పడమటి సగం మొత్తం వానిదే!"

"ఆ మాటే రాసి సంతకం పెట్టన్నా."

పెట్టాడు. పేరు కింద గీత కూడా గీశాడు.

మర్నాడు టేపు పట్టుకుని కొలతలకు వచ్చారు. శ్రీరంగప్ప అరుగు మీద కుర్చీ వేయించుకుని చూశాడు. టేపు సాగేకొద్దీ అతని నవ్వూ సాగింది. ఆ పూట ఉగ్గాని, బజ్జీ చేయించుకుని మారు పెట్టించుకున్నాడు.

సాయంత్రం అవతల సుత్తి దెబ్బలు వినిపించాయి. వడ్రంగి వంటింటి కిటికీకి రెక్కలు బిగిస్తున్నాడు. పన్ను పడింది, ఇంక దాచేదేముంది అనుకున్నాడు శ్రీరంగప్ప.

ఏడుపు మొహాలతో వస్తారనుకుంటే, కేశవ మైసూరుపాకు డబ్బాతో వచ్చి కాళ్లకు మొక్కాడు.

"పడమటి సగం నాదేనని ఇన్నేండ్లకు సచివాలయంలో రాసిచ్చినావన్నా!"

"నేనేం రాసిచ్చినా?"

వెనకే వచ్చిన సుజాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చార్జింగు లేని ఫోను చెవికాడ పెట్టుకోని గోడ పక్కన అంత గట్టిగా అరిచినందుకు, నా గొంతు పోయినా మా నేల మాకొచ్చింది బావా!"