మూకుడు చుయ్‌మంది

వంటింట్లో మూకుడు చుయ్‌మనగానే బస్సు డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది.

గుండె ఆపరేషనయ్యాక నూనె చుక్క కూడా ముట్టొద్దన్నారు డాక్టరు. అప్పట్నుంచి కూరలన్నీ నీళ్లలోనే ఉడికేవి. "చప్పుడే లేని వంట ఓ వంటా!" అంటూ కంచం నెట్టేసేవాడు. మనిషి సగమయ్యాడు. ఈ మధ్య మళ్లీ ఆ చప్పుడు మొదలైంది. భార్య దొంగచాటుగా నూనె పోస్తోందని మురిసిపోయి, మెతుకు మిగలకుండా తింటున్నాడు.

ఇవాళ మంచినీళ్ల కోసం లేచినవాడు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఆమె మిల్లు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోలేదు. పొయ్యి మీద ఉత్త మూకుడు కాలుతోంది. గ్లాసులో వేళ్లు ముంచి నీళ్లు చిలకరించింది. చుయ్! వెంటనే బీన్సు ముక్కలు వేసి, మూత పెట్టి, గట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది. రోజంతా మిషను ముందు నిలబడ్డ కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దించుకుంటోంది.

అతను అడుగుల చప్పుడు కాకుండా వెనక్కొచ్చి కూర్చున్నాడు.

కూర వడ్డించగానే ఓ ముద్ద తిని తలూపాడు.

"ఏమే, ఇవాళ నూనె కాస్త ఎక్కువ పోసినట్టున్నావ్?"

"గట్టిగా అనకండి. డాక్టరుగారికి తెలిస్తే నన్ను తిడతారు," అంది ఆమె, ముఖం పక్కకు తిప్పుకుని.

తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి మూకుడు అందుకున్నాడు. పెళ్లయినప్పట్నుంచీ అంట్లు ముట్టని మనిషి.

"అదేంటండీ, ఇటివ్వండి!"

"అబ్బో, ఇంత జిడ్డు నీవల్ల ఎక్కడ వదులుతుంది?" అన్నాడు పీచు చేతికి తీసుకుంటూ. "నువ్వలా కూర్చో."