ముసలమ్మ అలిగింది

"ముందు బ్యాటరీ తీగ ఊడదీశావా లేదా?" మామగారు గదమాయించారు.

డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్న ఎలక్ట్రీషియన్ "తీశానండీ" అన్నాడు.

"కొసకి గుడ్డ చుట్టావా? ఊరికే వదిలేస్తే ఊగి మళ్లీ తగులుకుంటుంది. పాత బండి. ఒక్క నిప్పురవ్వ చాలు."

"చుట్టానండీ. మీ ముసలమ్మకి నాదీ పూచీ."

ముసలమ్మ అంటే ఆ కారు. అత్తగారికంటే ముందే ఆ ఇంట్లో అడుగుపెట్టింది. రేపు మనవరాలిని మొదటిసారి బడికి దాన్లోనే దింపుతానని మామగారు మాటిచ్చారు. పిల్లకి గాలాడాలని ఒక చిన్న ఫ్యానూ, లోపల ఒక దీపమూ పెట్టిస్తున్నారు. రెండిటికీ వేరువేరు ఫ్యూజులు ఉండాలన్నారు. రేకు కన్నంలోంచి వచ్చే తీగ ఒరుసుకోకుండా రబ్బరు తొడుగు వేయించారు. అతుకు చేతికి తగిలితే మళ్లీ విప్పించారు.

కోడలి భయం తీగల గురించి కాదు, ఆయన కళ్ల గురించి. మొన్న కారు వెనక్కి తీస్తూ గేటు స్తంభాన్ని గీరేశారు. "ఇదెప్పుడు ముందుకొచ్చింది?" అని స్తంభాన్నే తిట్టారు. నిన్న గుమ్మంలో నిలబడ్డ కొడుకుని "ఎవరు కావాలి బాబూ?" అని అడిగారు.

మొగుడికి చెప్పి చూసింది. "ఆ మాటేదో నువ్వే చెప్పు. నాకింకా ప్రాణం మీద తీపి ఉంది" అని అతను జారుకున్నాడు.

మామగారు గళ్ల చేతిరుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్లగానే, ఆమె కారు తలుపు దగ్గర వంగింది.

"బాబాయ్, డ్రైవర్ సీటు కింద కనపడకుండా ఒక స్విచ్చి పెట్టు. అది ఆపితే బండి కదలకూడదు."

"అమ్మో! ఆయనకి తెలిస్తే నా తోలు వలిచి సీట్లకి కుట్టిస్తారు."

"పక్క సీట్లో కూర్చునేది నా పిల్ల. నువ్వు పెట్టకపోతే ఈ తీగలన్నీ నేనే పీకేస్తాను."

అతను ఆమె మొహంలోకి చూశాడు. పటకారు అందుకున్నాడు.

పని అయ్యాక బ్యాటరీ తీగ తిరిగి బిగించి, గొంతు తగ్గించి చెప్పాడు. "కిందికి నొక్కితే ఇంజిన్ ఒక్కటే రాదు. ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. ఎవరికీ అనుమానం రాదమ్మా."

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే నొక్కేద్దామనుకుంది. అంతలో పిల్ల బూటు ఒకటి మాయమైంది. మంచం కింద, బీరువా వెనక వెతికితే, చివరికి బియ్యం డబ్బా పక్కన దొరికింది. అది పట్టుకుని పరుగున బయటికొచ్చేసరికి పిల్ల ఒంటి బూటుతో ముందు సీట్లో ఉంది. మామగారు స్టీరింగు ముందు, సరిగ్గా ఆ స్విచ్చి మీదే కూర్చుని ఉన్నారు.

"మావయ్యా, ఆగండి!"

"మొదటి రోజే ఆలస్యమా? పోనీయమంటావా కండక్టరమ్మా?"

"పోనీ తాతా!"

ఆయన తాళంచెవి తిప్పారు.

కారు కిక్కురుమనలేదు. ఇంకోసారి తిప్పారు. ఉలుకూ పలుకూ లేదు.

"తాతా, ఫ్యాను కూడా తిరగట్లేదు."

"ముసలమ్మ అలిగింది. దాన్ని బతిమాలుకోవడం మన వల్ల కాదు. దిగు, నడిచే పోదాం."

ఆయన జేబు తడుముకుని, చివరికి చొక్కా చేతికే చెమట తుడుచుకున్నారు. కోడలు పిల్లకి రెండో బూటు తొడిగింది. గేటు దగ్గర ఆయన స్తంభాన్ని చేత్తో తాకి, మనవరాలి వేలు పట్టుకున్నారు. "నువ్వు ముందు నడువు. కండక్టరువి కదా, దారి చెప్పాలి. చెయ్యి మాత్రం వదలకు."

వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, ఆమె సీటు కింద చెయ్యి పెట్టింది. స్విచ్చి పైకే ఉంది. దాన్నెవరూ నొక్కలేదు.

మరి ఫ్యాను ఎందుకు తిరగలేదు?

ఆమె బానెట్ పైకెత్తింది.

ఊడదీసిన బ్యాటరీ తీగ కొసకి గళ్ల చేతిరుమాలు చుట్టి ఉంది.