పద్నాలుగు రాళ్ల సంచి

బయలుదేరేటప్పుడు అన్న దగ్గర ఉన్నవి మూడు: చేతికర్ర, ఖాళీ సంచి, చొక్కా జేబులో ఒక కాగితం.

తమ్ముణ్ణి మళ్లీ కొట్లో భాగస్తుడిగా చేర్చుకుంటున్నట్టు రాయించిన కాగితం అది. ఇనప సామాన్ల కొట్టు వాళ్లది. పదిహేనేళ్లు కలిసి పనిచేశారు. రెండేళ్ల కిందట మాటా మాటా పెరిగి తమ్ముడు బయటికెళ్లి, సరిగ్గా ఎదురుగా ఇంకో కొట్టు తెరిచాడు. అన్న లెక్కలో తమ్ముడు చేసిన ద్రోహం అదొక్కటే. పోనీలే, మరిచిపోదామనుకున్నాడు.

"ముందు కొండదాకా కలిసి నడుద్దాం అన్నయ్యా. సంతకాలు పైన పెడదాం" అన్నాడు తమ్ముడు.

తగువుపడ్డవాళ్లు రాజీ కోసం నడిచే ఆ కొండదారి మొదట్లో కర్రలు అద్దెకిచ్చే మనిషి వచ్చినవాళ్లందరికీ ఆ దారి పద్ధతి చెబుతున్నాడు. అన్న కర్రని నేలకేసి తాటించి, పగుళ్లున్నాయేమో చూసుకుంటూ సగమే విన్నాడు. ఒక్కో తప్పుకి ఒక్కో రాయి సంచిలో వేసుకోవాలి. సగం దారిలో వంతెన మీద సంచులు మార్చుకోవాలి. పైకి చేరేదాకా విప్పకూడదు. ఇందులో ఇంకా వినడానికేముంది?

తమ్ముడికి తాను చేసిన తప్పేమిటా అని అన్న చాలాసేపు ఆలోచించాడు. చిన్నప్పుడు వాడి గాలిపటం చింపిన సంగతి గుర్తొచ్చింది. ఓ గులకరాయి వేసుకున్నాడు.

వంతెన మీద సంచులు మారాయి. తమ్ముడి సంచి ఎత్తగానే అన్న ఓ పక్కకి ఒరిగిపోయాడు. మేకుల బస్తాలు మోసిన భుజం అది, తూకం తప్పదు. పది కిలోలకు తక్కువ లేదు.

తమ్ముడు అన్న సంచిని వేలికి తగిలించుకుని చూశాడు.

"ఒక్కటేనా అన్నయ్యా?"

"ఒక్కటే. లేనివి ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"చాలా ఉంటాయనుకున్నా." తమ్ముడు ఆ సంచిని జాగ్రత్తగా భుజానికి వేసుకున్నాడు.

వీడి పొగరు చూడు, అనుకున్నాడు అన్న.

పొలాల మధ్య దుమ్ము దారి. అన్న సంచిని పైనుంచే తడిమి రాళ్లు లెక్కపెట్టాడు. పద్నాలుగు! ఒక్క ద్రోహం అనుకుంటే పద్నాలుగా? కొట్లో సరుకు కొనే పాత కాంట్రాక్టరు ఉన్నట్టుండి మొహం చాటేయడం వీడి పనేనన్నమాట. తాళాల కొనుగోలు ధర బజారుకెక్కడమూ వీడి పనే. గొర్రెల మంద దాటేసరికి ఆరు రాళ్లకు లెక్క దొరికింది.

వీడి కోసం ఏం చెయ్యలేదు తను? చదువు మాన్పించి మరీ కొట్లో పెట్టుకున్నాడు. పెళ్లైన మూడోరోజే పనిలోకి పిలిపించి బాధ్యత నేర్పాడు. చెయ్యి కాల్చుకుంటాడేమోనని గల్లాపెట్టె తాళం కూడా ఇవ్వలేదు. దానికిదా ప్రతిఫలం!

"బరువుగా ఉందా?" అడిగాడు తమ్ముడు.

"నీకు తెలీదూ?"

"ఇంకా ఉన్నాయన్నయ్యా. పొద్దున వాగు దగ్గర కొన్ని తీసేశాను. ఇవి మాత్రం తియ్యడానికి మనసొప్పలేదు. మారుమాట లేకుండా ఎత్తుకున్నావు చూడు, అది చాలు నాకు."

ఇంకా ఉన్నాయా! తోడబుట్టినవాడు పదిహేనేళ్లు పక్కనే కూర్చుని గొయ్యి తవ్వాడు. పైగా ఎంత నిబ్బరంగా చెబుతున్నాడో!

చివరి ఎత్తు ఎక్కుతూ అన్న ఆగాడు. జేబులోని కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి లోయలోకి వదిలేశాడు.

తమ్ముడు వెనక్కి తిరిగాడు. "అన్నయ్యా... అది మన కాగితమేనా?"

"పైకి పద, చెబుతా."

కొండమీద విడిది గదిలో ఓ ముసలావిడ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అన్న ఆవిడ ముందు రాళ్లన్నీ గుమ్మరించాడు.

"నువ్వే సాక్షివమ్మా! ఒరేయ్, ఇప్పుడు చెప్పరా. ఒక్కో రాయీ తీసి, నాకేం ద్రోహం చేశావో చెప్పు!"

ముసలావిడ రాళ్లు లెక్కపెట్టుకుని, పుస్తకంలో ఏదో రాసి, దాన్ని అన్న వైపు తిప్పింది.

"కర్రలతను పొద్దున చెప్పలేదా బాబూ, ఎవరైనా సంచిలో వేసుకునేది తమకు జరిగిన అన్యాయాల్ని, వంతెన మీద దాన్ని ఎత్తేది ఆ అన్యాయం చేసినవాడి భుజానికని? పద్నాలుగూ మీ పేరునే రాశాను, ఇక్కడ సంతకం పెట్టండి."