గోడ పాడిన మూడు స్వరాలు

ఇళ్ళ గోడలు మనుషుల పనులకు నేపథ్య సంగీతం వినిపించడం మొదలుపెట్టాక, జనం ఎక్కువగా కోరుకున్నది శ్రీవత్సాంక సంగీతమే. సినిమాకు చేసినా, కచేరీ కోసం రాసినా ఆయనవి రెండు మూడు స్వరాలే, నెమ్మదిగా మారుతూ తిరిగి తిరిగి వచ్చేవి. ఒకప్పుడు ఆయనకు దీటుగా సినిమాలు చేసిన తారకేశ్వర్ సంగీతంలో వందమంది వాద్యకారుల హోరు ఉండేది. దాన్ని అతని ఇంట్లో తప్ప ఎవరూ పెట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం తారకేశ్వర్ తొందరగా ఇంటికొచ్చాడు. వంటింట్లో శ్రీవత్సాంక స్వరాలు వినిపిస్తున్నాయి. భార్య వకుళ వంకాయలు తరుగుతోంది. పరాయి మగవాడు ఇంట్లో కూర్చున్నట్టు అతని ఒళ్ళు మండిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచి ఇది?”

“మీరు బయటికెళ్ళినప్పుడల్లా పెట్టుకుంటున్నాను,” అంది వకుళ.

“నా దాంట్లో ఏం తక్కువైంది?”

“తక్కువ కాదండీ, ఎక్కువైంది. వంకాయ తరిగినా యుద్ధానికి వెళ్తున్నట్టు మోగుతుంది. ఇదైతే నన్ను నా మానాన వదిలేస్తుంది.”

అతను గోడవైపు తిరిగి “ఆపు!” అని అరిచాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. వకుళ తలొంచుకుని మళ్ళీ తరగసాగింది. ఇందాకటి నెమ్మది ఆమె మొహంలో లేదు. కాసేపు చూసి, అతనే పీట లాక్కుని కూర్చున్నాడు.

“పెట్టు. నేనూ వింటాను.”

మొదటిసారి తప్పులు వెతక్కుండా చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్ళూ జనానికి రుచి తెలియదని సరిపెట్టుకుంటూ వచ్చాడు.

“ఎలా ఉందండీ?” అంది వకుళ.

“బాగుంది,” అన్నాడు. తను ఎప్పటికీ రాయలేనంత బాగుంది. అసలైన అసూయ అతనికి అప్పుడు మొదలైంది.