గొట్టంలో మట్టి

"రేపే ఓపెనింగ్! నున్నగ ఉండాల్సిన గడ్డి నిండ తూట్లు పొడుస్తున్నవా? ఇగ నడువ్ ఇంటికి!" లక్ష్మీనర్సయ్య సేటు అరిచాడు. మిర్యాలగూడలో రైసుమిల్లు ఆయనది. ఈ గోల్ఫ్ మైదానం కొత్త మోజు.

ఫూల్‌సింగ్ ఆ మైదానంలో గడ్డి చూసుకునే మాలి. ఈ పనీ పోతే మళ్లీ దామరచర్లలో ఇటుకలు మోయడమే. మిల్లులో బస్తాకు గుచ్చి మచ్చుకు బియ్యం తీసే ఇనుప గొట్టాన్నే తెచ్చి, పసుపెక్కిన గడ్డిలో పొద్దున్నుంచీ గుచ్చుతున్నాడు.

"వేర్లకు గాలి ఆడుతలేదు సేటూ. జర సూడుండ్రి." గొట్టంలోని మట్టిని ఆయన అరచేతిలో రాల్చాడు.

మిల్లు అలవాటు కొద్దీ సేటు వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు.

"కుళ్లింది! పూటపూటకు నీళ్లు పెట్టుమని ఎవడు చెప్పిండు?"

ఆ హుకుం సేటుదే.

సేటు అరచేతిలోని మట్టిని వేళ్లతో నలిపాడు.

"నేనే. వరి లెక్కనే అనుకున్న," అంటూ చెప్పులు విడిచి గడ్డిలోకి దిగాడు. "ఆ గొట్టం నాకియ్యి. మిల్లుల ఇంకోటి ఉంటది, నువ్వు తెచ్చుకో."