నీలావతికి ఏం చెప్పేది

ఇంకొక్క దెబ్బ పడితే నీలావతి చచ్చిపోతుంది. ముసుగు వేసుకున్న కత్తోడు ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. ఆమెకు కనబడడం లేదు. ఈశ్వరి వేలు ముందుకు పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏమే, ఉండావా?" ఫోనులో మొగుడు హరీష్ కేక వేశాడు.

"ఉండా. నీలావతిని చంపల్నా వద్దా అని చూస్తాండా."

"చంపేయి, పీడ పోతాది."

"చంపేస్తే ఆట అయిపోతాది. సాయంత్రం దాకా నేనేం చేయల్ల?"

హరీష్ నవ్వాడు. ఆ నవ్వు ఆగిపోయేదాకా ఈశ్వరి ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుంది.

ధర్మవరంలో ఈశ్వరి, ఆమె పాప ఉండేది మగ్గాల వీధిలో, మిద్దె మీద ఒక్క గది. కింద ఇంటామె నాగేంద్రమ్మ పొద్దున మగ్గంలో కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గాని లేవదు. "ఏమ్మా, బువ్వ తింటివా?" అంటుంది గాని, జవాబు వినేలోపలే మగ్గం చప్పుడు మొదలవుతుంది. ఈశ్వరిది పెనుకొండ. తొమ్మిదో తరగతితో బడి మాన్పించారు. అమ్మ పోయాక అక్కడికీ రాకపోకలు లేవు. హరీష్ ముందు ఈ ఊళ్లోనే పట్టుచీరల అంగడిలో బిల్లులు కొట్టేవాడు. అంగడివాళ్లు కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతది అతనికిచ్చారు. తరువాత హిందూపురం మిల్లులో పని దొరికింది. "ఇల్లు చూసి పిల్చుకపోతా" అని వెళ్లాడు. ఉగాది పోయింది, వినాయక చవితి పోయింది, ఇల్లు దొరకనే లేదు.

వెళ్లేముందు కంప్యూటర్లో ఆ పేకముక్కల ఆట నేర్పింది అతనే. అందులో యుద్ధం చేసేవాడు, మంత్రగాడు, ముసుగు కత్తోడు అని మూడు రకాల మనుషులు. ఎవరో ఒకరిని ఎంచుకుని, వాళ్ల ముక్కలతో ఆడాలి. ఈశ్వరి ఎప్పుడూ కత్తోడినే పట్టింది. వాడి ముక్క వేస్తే వాడు అవతలివాళ్లకు కనబడడు. దెబ్బ కొట్టేదాకా వాణ్ని ఎవరూ తాకలేరు. కొట్టాక మాత్రం ముసుగు పోతుంది.

"అవతల ఆడేది ఎవరు?" అని ఆ రోజే అడిగింది.

"ఎవరో ఒకామె. నీ మాదిరే యాడో ఇంట్లో కూర్చోని ఆడతాంటాది."

తెర మీద 'నీలా' అని పేరుండేది. దాన్ని నీలావతి చేసుకుంది ఈశ్వరి.

మొదట్లో హరీష్ ఫోను ఊపిరి తిప్పుకునేలోపే అయిపోయేది. తిన్నావా, పాప తినిందా, సరే పెట్టేస్తా. పాపకు ఏడాదిన్నర దాటినా మాట రాలేదని ఈశ్వరి చెప్పబోతే, "వస్తాది లేవే, తొందరేమి" అనేవాడు. ఆమె ఫోను చేస్తే, "ఊరికే చేయొద్దు, సూపర్‌వైజరు చూస్తాండాడు" అనేవాడు. ఒకరోజు నోరు జారినట్టు నీలావతి సంగతి చెప్పింది. అటువైపు పెద్ద నవ్వు. మరునాడు అతనే అడిగాడు.

"ఈపొద్దు ఎవరు గెలిచిరి?"

"ఆయమ్మే. గెలిచి 'సారీ' అనె పాపం. ఎంత ఓపికో! నేను పాపకు పాలిచ్చి వచ్చేదాకా అట్లే కూర్చోనుండె. కరెంటు పోయి వచ్చినా యాడికీ పోలే."

"అబ్బో, మంచి జతగత్తే దొరికింది నీకు!"

అప్పటినుంచి రోజూ నీలావతి కబుర్లే. వాటి మధ్యలో పాప జ్వరం, చెవి నొప్పి, మాట రాకపోవడం కూడా హరీష్ చెవిన పడేవి.

ఆ ఆదివారం అతను బస్సు దిగి వచ్చాడు. పాప అతన్ని చూసి ఈశ్వరి కుచ్చిళ్ల వెనక దాక్కుంది. అన్నం తిన్నాక సంచిలోంచి చాంతాడు తీశాడు.

"ఈ కంప్యూటర్ ఎత్తకపోతా. రూములో నలుగురం ఉంటాం, ఆదివారమొస్తే పొద్దు పోదు. సీడీలు వేసుకుంటాం."

ఈశ్వరి చేతిలో చెంబు కింద పెట్టింది.

"నీలావతికి ఏం చెప్పేది?"

"ఏం చెప్పేదేమి?"

"రేపు ఆయమ్మ వచ్చి కూర్చుంటాది. నేనుండను. ఏమయిందో అనుకోదా?"

"ఏమనుకోదు లే." హరీష్ వైర్లు పీకసాగాడు.

"నీకేం, నలుగురుండారు. నాకుండేది ఆయమ్మ ఒక్కతే. పాపకు మాట యాడ్నుంచి వస్తాది చెప్పు? ఈ ఇంట్లో నేను మాట్లాడేది నీలావతితోనే. అది వినే కదా బిడ్డ నేర్చుకోవల్ల. ఆ మాట గూడా ఎత్తకపోతాండావు."

హరీష్ చేయి ఆగింది. పాప వైపు చూశాడు. పాప నల్లబడిన తెరను అరచేత్తో తడుతోంది. నోరు తెరుస్తోంది గాని చప్పుడు రావడం లేదు. కింద మగ్గం టకటకలాడుతోంది.

హరీష్ చేతిలో వైరు కింద పెట్టాడు.

"ఈశ్వరీ, ఒక మాట చెప్తా, తిట్టొద్దు. అవతల ఎవరూ లేరు."

ఈశ్వరి తెర వైపు చూసింది.

"మిషనే ఆడతాది. దీనికి నెట్టు యాడుండాదే? నువ్వు ఊరికే ఫోన్లు చేస్తాంటివని... మనిషుందంటే పొద్దుపోతాదిలే అని నేనే అబద్ధం చెప్తి. నువ్వు ఇన్నాళ్లూ మనిషే అనుకోని..."

ఈశ్వరి గోడ వైపు తిరిగి కొంగు ముఖానికి కప్పుకుంది. ఆమె భుజాలు చూసి హరీష్ చాంతాడు మూలకు విసిరేశాడు.

"ఏడ్వొద్దు మే. ఇది ఈడనే పడుండనీ. నువ్వు గుడ్డలు సర్దు. ఇల్లు దొరికేదాకా మా మేస్త్రీ ఇంటి పంచలో ఉందాం. ముగ్గురం సాయంత్రం బస్సుకే పోతాం. ఇంక నిన్ను ఒంటరిగా వదిలిపెడితే అడుగు."

పాప తప్పటడుగులు వేస్తూ వచ్చి అతని మోకాలు పట్టుకుంది. అతను బిడ్డను ఎత్తుకుని, కళ్లు తుడుచుకుంటూ, నాగేంద్రమ్మకు చెప్పి వస్తానని మెట్లు దిగాడు.

అడుగుల చప్పుడు దూరమయ్యాక ఈశ్వరి కొంగు దించింది.

అవతల ఎవరూ లేరని ఆమెకు మొదటి వారమే తెలుసు.