తీగల బిగువు

నాలుగో బంతి కూడా కంచె దాటి బయట పడింది.

"వదినా, మనం ఆడేది టెన్నిస్. బంతి గీతల లోపల పడాలి," అంది ఆడపడుచు నెట్‌కు అవతలి నుంచి.

వదినకు ఒళ్ళు మండిపోయింది.

రేపే డబుల్స్ ఫైనల్. మూడేళ్ళుగా ఇద్దరూ ఫైనల్ దాకా వచ్చి ఓడిపోతున్నారు. ఈసారైనా గెలవాలని, మొగుణ్ణి నెల రోజులు సాధించి కొనిపించుకున్న కొత్త రాకెట్ ఇది. చేతికొచ్చిన దగ్గర్నుంచీ చెప్పిన మాట వినడం లేదు. మోచెయ్యి అప్పుడే సలుపుతోంది.

కంచె బయట బెంచీ మీద ఎవరో ముసలాయన, ఒళ్ళో గుడ్డసంచితో కూర్చున్నాడు. బంతి ఆయన కాళ్ళ దగ్గరే ఉంది.

"ఏమండీ, కాస్త ఆ బంతి విసురుతారా?"

ఆయన తాపీగా వంగి, బెంచీ కింద అటూ ఇటూ తడిమి, ఎప్పటికో బంతి అందుకున్నాడు.

"ఇది కొత్త బ్యాటు కదమ్మా? ఒక్కసారి పాతదాంతో కొట్టండి," అన్నాడు.

వచ్చారండీ కోచ్‌గారు, అనుకుంది వదిన. అయినా తన కిట్ బ్యాగులోంచి పాతది తీసి కొట్టింది. బంతి బుద్ధిగా వెళ్ళి అవతలి మూలన పడింది.

"ఇప్పుడు కొత్తదాంతో."

కొట్టింది. బంతి నెట్‌కు తగిలి చతికిలబడింది.

"మళ్ళీ పాతది."

పోనీ ఆట చూస్తున్నాడా అంటే అదీ లేదు. తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"కొత్తదానికి తీగలు మరీ బిగువమ్మా. మీ మోచెయ్యి లాగేస్తుంది."

మోచేతికి ఇంత పట్టీ కట్టుకుంటే ఎవరైనా చెప్తారు జోస్యం. వదిన పళ్ళు నూరింది.

"పాతదాన్నీ నమ్ముకోకండి. లోపల బీట పడింది, ఇంకెన్నో దెబ్బలు తట్టుకోదు. ఆ కొత్తది ఒక్క గంట నా చేతికివ్వండి. అచ్చం పాతదానిలా చేసిస్తాను."

"బాగుంది వరస! ముక్కూ మొహం తెలియని మనిషికి రాకెట్ అప్పగించి, నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?"

"నేనమ్మా..."

"మీరెవరైతే నాకెందుకండీ! రేపు నాకు ఫైనల్. పెద్దవారు, మీకో దణ్ణం. దయచేసి వెళ్ళండి."

ఆయన సంచి భుజాన వేసుకుని, కంచె పట్టుకుని మెల్లగా గేటు వైపు నడిచాడు.

"పాపం, వదినా," అంది ఆడపడుచు.

"పాపమేంటి, నా మొహం! నువ్వు సర్వీస్ చెయ్యి."

అరగంట తిరక్కుండానే పాత రాకెట్ టప్పుమని విరిగింది.

వదిన కొత్తది చంకన పెట్టుకుని స్పోర్ట్స్ షాపుకు పరుగెత్తింది. షాపాయన అప్పుడే షట్టర్ తీస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఈ తీగలు విప్పేసి, నా పాతదానికి వేసినట్టే వెయ్యండి. ఎనిమిదేళ్ళుగా వేస్తున్నారు, మీ చేతిలో ఏదో మహత్యం ఉంది. రేపు నా పరువు మీరే నిలబెట్టాలి."

షాపాయన రాకెట్ అందుకోకుండా తల గోక్కున్నాడు.

"నేనెప్పుడు వేశానమ్మా? మీరు మెచ్చుకుంటుంటే కాదనలేక ఊరుకున్నాను. వేసేది వెనక గదిలో ఒక పెద్దాయన. రెండేళ్ళుగా చూపు కూడా లేదు, అంతా వేళ్ళతోనే. మీ తీగలు ఎక్కడ అరిగాయో తడిమి చూసి, 'ఈ అమ్మకు మోచెయ్యి నొప్పి' అనేవాడు. మీ ఒక్కరికే ఒక పిసరు వదులుగా బిగించేవాడు. ఆ పిసరు ఎంతో ఆయన చెవికే తెలుసు."

"అయితే ఆయన్నే పిలవండి. కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."

"ఇంకెక్కడి ఆయనమ్మా! పని మానేసి కూతురి ఊరికి వెళ్ళిపోయాడు, ఇప్పుడే బస్సెక్కించి వస్తున్నాను. వెళ్ళే ముందు ఒక్క కోరిక కోరాడు. తను బిగించిన తీగ మీ చేతిలో ఎలా మోగుతుందో వినాలన్నాడు, అందుకే పొద్దున్న నేనే తీసుకొచ్చి మీ కోర్టు బయట బెంచీ మీద కూర్చోబెట్టాను."